నొప్పి పలుకుబడి: ఉపశమన వైద్యం, దక్షిణ తెలంగాణ భాష – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నయం కాని జబ్బుతో మంచం పట్టిన మనిషికి వైద్యుడు చేయగలిగిన పనుల్లో మొదటిది వినడం. రోగి చెప్పే నొప్పి మాటను బట్టి మందు మారుతుంది. తెలంగాణలో ఉపశమన వైద్యానికి వ్యవహారనామంగా వచ్చిన ‘ఆలన’ అనే పదాన్ని, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నొప్పి పలుకుబడిని, ఫ్లోరోసిస్ చుట్టూ అల్లుకున్న రూపకాలను, ఆడవాళ్ళ శోకాలను ఈ వ్యాసం ఒకచోట చేర్చి చూస్తుంది. సాహిత్య విమర్శకు అలవాటైన పరికరాలు రోగి మంచం పక్కన ఎంతవరకు పనికివస్తాయన్నది ఇందులోని ప్రశ్న.

కీలకపదాలు: ఉపశమన వైద్యం, ఆలన, యాప్యం, నొప్పి పదజాలం, ఫ్లోరోసిస్, రూపకం, శోకం.

సంచారిగా వచ్చిన వ్యాధి

భరతుడు లెక్కించిన ముప్పైమూడు వ్యభిచారిభావాలలో వ్యాధి ఒకటి, మరణం మరొకటి. రెండూ రంగం మీదికి వచ్చి, స్థాయిభావానికి కొంత రంగు అద్ది, తొలగిపోవలసినవే. కరుణరసానికి స్థాయి శోకం. అయితే ఆ శోకం పోయినవారిది కాదు, మిగిలినవారిది. మంచం మీద ఉన్న మనిషికి అలంకారశాస్త్రంలో ప్రత్యేకమైన చోటు లేదు. ఆరు నెలలు, ఏడాది, కొందరికి పదేళ్ళు కదలకుండా ఉండే వ్యాధి సంచారి ఎలా అవుతుంది? ఆ మనిషికి అదే స్థాయి. ఆకలి, సిగ్గు, కోపం, చిన్న చిన్న సంతోషాలు దాని మీద వచ్చిపోతుంటాయి.

ఆధునిక సాహిత్యం ఈ లెక్కను కొంత సరిచేసినా పూర్తిగా మార్చలేదు. బుచ్చిబాబు ‘చివరకు మిగిలేది’ నాయకుడు దయానిధి వైద్యుడు. అతని భార్య ఇందిర క్షయతో మరణిస్తుంది. నవల దృష్టి అంతా దయానిధి అంతరంగం మీద ఉంటుంది. ఇందిర పడుకున్నచోటు నుంచి లోకం ఎలా కనిపించిందన్నది ఆ నవలకు ముఖ్యం కాదు. దీన్ని లోపంగా కాక రచయిత ఎంపికగానే చూడాలి. కానీ అదే ఎంపిక తెలుగు కథలోనూ, అంతకన్నా ఎక్కువగా సినిమాలోనూ పదేపదే కనిపిస్తుంది. జబ్బు బయటపడిన ఘట్టం ఉంటుంది, చావు ఘట్టం ఉంటుంది, నడుమ ఉన్న కాలం ఒక్క వాక్యంలో గడిచిపోతుంది. శ్రీశ్రీ ‘భిక్షువర్షీయసి’ దారిపక్క చెట్టు కింద ముసలి బిచ్చగత్తె చావును సమాజం ముందు ప్రశ్నగా నిలబెట్టింది. ఆ ప్రశ్న ఇప్పటికీ చల్లారలేదు. అయితే అది చూసినవాడి ప్రశ్న. మంచం మీది నుంచే మాట్లాడిన కవి కావాలంటే అలిశెట్టి ప్రభాకర్ దగ్గరికి వెళ్ళాలి. 1993 జనవరి 12న క్షయతో పోయేవరకు ఆయన తన జబ్బును దాచలేదు, దానికోసం జాలిని అడగనూ లేదు.

కథలు ఒక్క వాక్యంలో దాటేసే ఆ నడిమి కాలంలోనే ఉపశమన వైద్యుని పని మొదలవుతుంది.

యాప్యం, ఉపశమనం, ఆలన

చరకసంహిత రోగాలను సుఖసాధ్యం, కష్టసాధ్యం, యాప్యం, అనుపక్రమం అని విడదీసింది. చివరిది వైద్యుడు ముట్టుకోకూడనిది. అసాధ్యమైన రోగానికి పూనుకున్న వైద్యుడు ధనం, విద్య, కీర్తి పోగొట్టుకుంటాడని అక్కడ హెచ్చరిక కూడా ఉంది. ఆ హెచ్చరికలో రోగి లాభనష్టాల ఊసు లేకపోవడం గమనించదగినది. యాప్యం మాత్రం వేరు. అది నయం కాదు, కానీ పథ్యంతో, మందుతో నెట్టుకురావచ్చు. ‘యాపన’ అంటే గడపడం. అదే మాట తెలుగులో ‘కాలయాపన’గా స్థిరపడి, పని ఎగ్గొట్టేవాడి మీద వేసే నిందగా మారింది. గడపడమే ఒక వైద్యం అని చెప్పగలిగిన పదం దఫ్తరు ఫైళ్ళలో తిట్టు కావడం తెలుగు శబ్దచరిత్రలోని చిన్న విషాదం.

ఇంగ్లీషు పదానికి మూలం ‘పాలియం’ అనే లాటిన్ మాట. అర్థం పైవస్త్రం, కప్పుకునేది. 1970లలో కెనడాలోని మాంట్రియల్‌లో బాల్ఫోర్ మౌంట్ అనే వైద్యుడు ఈ విభాగానికి పేరు వెతికినప్పుడు ‘హాస్పిస్’ అనే పదాన్ని పక్కన పెట్టాడు. అక్కడి ఫ్రెంచి మాట్లాడేవారికి ఆ పదం దిక్కులేనివారిని పడేసే చోటును గుర్తుచేసేది. పేరు పెట్టడం వైద్యంలో భాగమేనని ఈ ఉదంతం చెబుతుంది. లాటిన్ పదంలోని బొమ్మకు తెలుగులో సాటి వెతికితే పాలమూరు కురుమల గొంగడి గుర్తుకు రావాలి. వానను అది ఆపలేదు, వానలో మనిషిని నిలబెడుతుంది.

తెలుగులో మొదట ‘ఉపశమన చికిత్స’ వచ్చింది. శాస్త్రపరంగా ఆ పదంలో తప్పు లేదు. కానీ ‘శమింపజేయడం’లో నొప్పితోపాటు మనిషి నోరు కూడా మూయించే ధ్వని ఉంది. పత్రికల్లో ‘సాంత్వన’ కనిపిస్తుంది. అది ఓదార్పు, అంటే మాటతో ఆగిపోయేది. మార్ఫిన్ లేని ఓదార్పు కేన్సరు రోగికి ఎంతమాత్రం చాలదు.

తెలంగాణ ప్రభుత్వ వ్యవస్థలో వాడుకకు వచ్చిన ‘ఆలన’ వీటికి భిన్నమైనది. ‘ఆలన పాలన’ అనే జంట లేకుండా ఈ మాటను విడిగా వాడటం వాడుక తెలుగులో అరుదు. పసిపిల్లలకు, ముసలివారికి, పశువులకు ఆలన పాలన చూస్తారు. ఆలించడం అంటే వినడం, పాలించడం అంటే కాపాడటం. ‘ఆలించి పాలించు’ అన్న ప్రార్థనలో క్రమం కూడా అదే: మొదట విను, తరువాత కాపాడు. ఈ పేరు పెట్టినవారు వ్యుత్పత్తిని ఆలోచించి పెట్టినా, అలవాటు కొద్దీ పెట్టినా, వైద్యశాస్త్రం చెప్పవలసిన అసలు విషయం పేరులోకి వచ్చి చేరింది. పాలన అన్నది ప్రభుత్వం ఎలాగూ తనదంటుంది. కష్టమైన సగం ఆలన.

దీనికి ఎదురుగా నిలిచే మాట ‘కారుణ్య మరణం’. 2004లో హైదరాబాద్‌లో కండరాల క్షీణత వ్యాధితో ఆసుపత్రిలో ఉన్న వెంకటేశ్ అనే యువకుని అవయవదాన కోరికతో అతని తల్లి హైకోర్టును ఆశ్రయించినప్పుడు ఈ పదం తెలుగు ఇళ్ళలోకి వచ్చింది. కోర్టు అనుమతించలేదు. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు మరణశాసనపు హక్కును షరతులతో గుర్తించినప్పుడు మళ్ళీ అదే పదం పతాకశీర్షిక అయింది. తెలుగు అధికారభాషలో కారుణ్యం రెండుచోట్ల ఎక్కువగా కనిపిస్తుంది: కారుణ్య మరణం, కారుణ్య నియామకం. ఒకటి చావు కోసం, మరొకటి చావు తరువాత. బతికి ఉన్న రోగికి ఆ విశేషణం దక్కలేదు. నొప్పి తగ్గించే ఏర్పాటు లేనిచోట చావును కోరుకోవడాన్ని ఎంపిక అని పిలవవచ్చా అన్న చర్చ పదజాలంలోనే వెనుకబడిపోయింది.

చారాన, ఆఠాన, బారాన

హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు ఆసుపత్రి 1955లో స్థాపితమైంది. దేవరకొండ, అచ్చంపేట, కొల్లాపూర్ వైపు నుంచి కేన్సరు రోగులు చేరే ప్రధానమైన ప్రభుత్వ ఆసుపత్రి అదే. అక్కడ ఉపశమన వైద్య విభాగాన్ని నిర్మించి నడిపించిన డాక్టర్ గాయత్రి పాలాట్ పేరు ఈ రంగంలో తెలంగాణకు పర్యాయం వంటిది. ఆమె పనిని ఒక్క ఆసుపత్రి వార్డుగా చూస్తే సగమే చూసినట్టు. మార్ఫిన్ అందుబాటు, నర్సులకు, వైద్యులకు శిక్షణ, పిల్లల నొప్పి మీద ప్రత్యేక శ్రద్ధ, ఇంటికి వెళ్ళి చూసే పద్ధతి, చేవెళ్ళలో మొదలై మహబూబ్‌నగర్ సహా ఇతర జిల్లాలకు విస్తరించిన ప్రభుత్వ కేంద్రాల నమూనా ఈ పరంపరలోనివే. కేరళలో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్ తదితరులు 1993లో కాలికట్‌లో మొదలుపెట్టిన క్లినిక్కు ఊరి వాలంటీర్ల బలం దొరికింది. తెలంగాణ నమూనా ఎక్కువగా ప్రభుత్వ ఆసుపత్రి వెన్నెముక మీద నిలబడింది. ఈ తేడా భాషలోనూ కనబడుతుంది. వాలంటీరు రోగి ఊరివాడు, మాట తెలిసినవాడు. ఆసుపత్రి నుంచి వచ్చే బృందం రోగి మాటను నేర్చుకోవలసి ఉంటుంది.

నేర్చుకోవలసిన అవసరం ఎంత ఉందో నొప్పి పదాలే చెబుతాయి. శిష్టభాషలో ‘నొప్పి’, ‘బాధ’, ‘తీవ్రత’ అనే మూడు మాటలతో పని గడుస్తుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో నొస్తది, గుంజుతది, సలుపుతది, పీకుతది, పొడుస్తది, మండుతది, సుర్రుమంటది, జివ్వుమంటది, తిమ్మిరెక్కుతది. ఇవి పర్యాయపదాలు కావు. సలపడంలో నాడి కొట్టుకున్నట్టు లయ ఉంది, చీము పట్టిన పుండుకు ఆ మాట వాడతారు. గుంజడంలో లాగుడు ఉంది. మండటం, సుర్రుమనడం, జివ్వుమనడం, తిమ్మిరెక్కడం ఒక గుంపుగా వచ్చినప్పుడు వైద్యుడు నరం దెబ్బతిన్నదేమోనని అనుమానించాలి. నరాల నొప్పికి మార్ఫిన్ ఒక్కటే చాలకపోవచ్చు. గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్ వంటి మందులు అవసరమవుతాయి. ‘మండుతున్నది’ అన్న మాటను కేసుషీటులో ‘నొప్పి ఉంది’ అని రాసుకుంటే మందు మారిపోతుంది. అనువాదంలో పోయినది కవిత్వం కాదు, ఒక రాత్రి నిద్ర.

నొప్పి కొలత విషయంలో ఈ ప్రాంతపు భాష మరింత ముందుంది. సున్నా నుంచి పది వరకు అంకె చెప్పమని అడిగే పద్ధతి అన్నిచోట్లా ఉన్నదే. బడికి పోని ముసలమ్మకు నొప్పిని పది భాగాలు చేయడం వింతగా తోస్తుంది. అదే ‘రూపాయిల ఎంత తగ్గిందవ్వా?’ అంటే ‘చారాన తగ్గింది’, ‘ఆఠాన తగ్గింది’, ‘బారాన పోయింది, ఇంక చారాన ఉన్నది’ అని జవాబు వస్తుంది. అణాలు చెలామణి నుంచి పోయి అరవయ్యేళ్ళు దాటినా శరీరం లెక్కలో అవి ఇంకా చెల్లుతున్నాయి. దీన్ని జానపదుల ముద్దుమాటగా భావించి నవ్వుకుని వదిలేయకూడదు. నాలుగు భాగాల ఈ కొలబద్ద రోగి చేతిలో ఎప్పటి నుంచో ఉన్నది, వైద్యుడు కొత్తగా నేర్పవలసిన పని లేదు.

సిసిలీ సాండర్స్ 1960లలో ప్రతిపాదించిన ‘సమగ్ర వేదన’ భావన ప్రకారం నొప్పిలో శరీరం, మనసు, కుటుంబం, డబ్బు, దైవం అన్నీ పెనవేసుకుని ఉంటాయి. 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఈ అవగాహన మీదే మొదలైంది. తెలుగులో ఈ భావనకు కొత్త పదం అక్కరలేదు. తెలంగాణలో ‘పానం బాగలేదు’ అంటారు. కడుపునొప్పికీ అదే, దిగులుకూ అదే. కొడుకు ఫోను చేయని రోజు కూడా పానం బాగుండదు. పాలమూరు నుంచి ముంబయి, భివండి, పుణెల దిక్కు వలసపోయిన ఇళ్ళలో మంచం పట్టినవారి పక్కన కూర్చునేది తరచుగా మరో ముసలి మనిషి. ‘పానం బాగలేదు’ అన్న మాటలో ఎంత వంతు కణితిది, ఎంత వంతు తాళం పడ్డ పక్కగదిది అని విడదీయడం వైద్యుడు చేయవలసిన పాఠవిమర్శ.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. రోగి మాట వైద్యునికి చాలాసార్లు నేరుగా చేరదు. నడుమ కోడలో, అల్లుడో, తమ్ముడో ఉంటారు. ‘పెద్దజబ్బు’ అన్న సంగతి రోగికి చెప్పవద్దని వారే గడపలో వైద్యుణ్ణి ఆపుతారు. పాత తెలుగులో కేన్సరుకు ‘రాచపుండు’ అన్న పేరుండేది. రాజును ఎదురుగా పేరు పెట్టి పిలవనట్టే ఈ జబ్బునూ పిలవరు. కుటుంబం దాచేది ప్రేమతోనే. కానీ రోగికి తెలియదనుకోవడం చాలావరకు భ్రమ. అందరికీ తెలిసి ఎవరూ అనని మాట ఇంట్లో మరో జబ్బులా ఉంటుంది. కుటుంబ కథలు విరివిగా రాసిన తెలుగు కథకులకు ఇది గొప్ప వస్తువు. దీని మీద రావలసినంత కథ రాలేదు.

‘మందు’ అనే పదం కూడా నిరపాయకరమైనది కాదు. తెలంగాణలో మందు అంటే ఔషధం, సారా, పురుగుల మందు, ఎవరో ‘పెట్టిన’ మందు. నల్లమందు నుంచి తీసిన మార్ఫిన్ ఈ అనుమానాలన్నిటి నడుమ నిలబడాలి. చట్టం కూడా దాన్ని అనుమానంగానే చూసింది. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం తరువాత వైద్యానికి వాడే మార్ఫిన్ దేశంలో బాగా పడిపోయింది. నల్లమందును చట్టబద్ధంగా పండించే దేశంలోనే కేన్సరు రోగి దాని కోసం అలమటించాడు. 2014లో చట్టాన్ని సవరించి లైసెన్సుల చిక్కును తగ్గించారు. చట్టం మారినంత త్వరగా మాట మారలేదు. ‘అలవాటు పడతడు’, ‘ఇది ఆఖరి గోలీ’ అన్న భయాలు కుటుంబంలోనే కాదు, కొందరు వైద్యుల్లోనూ ఉన్నాయి. సరైన మోతాదులో, వైద్యుని కనిపెట్టులో నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్‌కు కేన్సరు రోగి వ్యసనపరుడు కావడం అరుదు. ఎక్కువగా పీడించేది మలబద్ధకం, అందుకే దానితోపాటు విరేచనం సాఫీగా అయ్యే మందు కూడా రాస్తారు. ఇంత మామూలు సంగతి ఊళ్ళో తెలిసేలా చెప్పగల తెలుగు వాక్యం తయారు కావడం కూడా ఉపశమన వైద్యంలో భాగమే.

రక్కసి పోయింది, వెన్నెముక మిగిలింది

ఉపశమన వైద్యాన్ని కేన్సరుకు పరిమితం చేస్తే నల్లగొండను వదిలేసినట్టే. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు ప్రాంతాల్లో తాగునీటి ఫ్లోరైడు తరాల ఎముకలను వంచింది. ఎముకలకు చేరిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. వెన్ను బిగుసుకుంటుంది, కీళ్ళు పట్టేస్తాయి, నరాలు నలుగుతాయి. చరకుని మాటలో ఇది యాప్యం. పటిక, సున్నంతో నీటిలోని ఫ్లోరైడును తగ్గించే విధానానికి ప్రపంచమంతటా ‘నల్లగొండ టెక్నిక్’ అన్న పేరు స్థిరపడింది. జబ్బుకూ, విరుగుడుకూ ఒకే జిల్లా పేరు దక్కడం అరుదైన గౌరవం, అక్కరలేని గౌరవం.

పత్రికలు, పాటలు, ప్రసంగాలు ఈ జబ్బును ‘ఫ్లోరైడ్ రక్కసి’, ‘ఫ్లోరైడ్ భూతం’ అన్నాయి. ఆ రూపకం ఉద్యమానికి బలమిచ్చింది. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జలసాధన సమితి పోరాటం, ప్రధాని వాజపేయి ఎదుట అంశల స్వామిని చూపి జిల్లా గోడు వినిపించిన ఘట్టం ఆ భాషలోనే జనంలోకి వెళ్ళాయి. కృష్ణా జలాలు, ఆ తరువాత మిషన్ భగీరథ కుళాయిలు ఆ పోరాట ఫలితాలు. సుసాన్ సాంటాగ్ 1978లో రాసిన ‘ఇల్‌నెస్ యాజ్ మెటఫర్’ గ్రంథం రూపకాలు రోగిని ఎలా కప్పేస్తాయో చర్చించింది. నల్లగొండకు ఆమె వాదాన్ని యథాతథంగా తగిలించలేం. ఇక్కడ రూపకం నీళ్ళు తెచ్చింది. అయితే రక్కసి కథకు ఒక ముగింపు ఉంటుంది: రక్కసి చస్తుంది, ఊరు పండుగ చేసుకుంటుంది. మంచినీరు వచ్చాక ‘రక్కసిని తరిమేశాం’ అన్న వాక్యం సహజంగానే వచ్చింది. కొత్తగా పుట్టే పిల్లలకు సంబంధించినంతవరకు అది గొప్ప మాట. కానీ అప్పటికే వంగిన వెన్నెముకకు ఆ కథలో చోటు లేదు. శత్రువు పోయాక గాయపడినవాడు కథకు అడ్డు.

అంశల స్వామి జీవితం ఈ కోణంలో మళ్ళీ చదవదగినది. ఆయన ఫొటో దశాబ్దాలపాటు సమస్యకు చిహ్నమైంది. 2023 జనవరిలో ఆయన పోయినప్పుడు రాసిన నివాళుల్లోనూ చిహ్నమే ముందుకు వచ్చింది. రోజూ ఎక్కడ నొచ్చేది, ఏ భంగిమలో నిద్ర పట్టేది, ఎవరు స్నానం చేయించేవారు అన్నవి ఉపశమన వైద్యుడు మొదటి రోజే అడిగే ప్రశ్నలు. ఇన్నేళ్ళ రాతలో వాటికి దొరికిన చోటు చాలా తక్కువ. నల్లగొండ ఫ్లోరోసిస్ కవిత్వంలోనూ ఎక్కువ భాగం నీటిని సంబోధించింది, పాలకులను సంబోధించింది. మంచం మీద ఉన్న మనిషిని సంబోధించినది తక్కువ. ఉద్యమ కవిత్వానికి నినాదం అవసరమే. అయితే నినాదం గొంతెత్తుతుంది, ఆలన గొంతు తగ్గించమంటుంది. రెండూ ఒకే కవిలో ఇమడటం కష్టం.

శోకానికి ముందు

తెలంగాణలో ఆడవాళ్ళు శవం మీద పడి పెట్టే శోకం ఏడుపు మాత్రమే కాదు. అది చనిపోయినవారి జీవితకథ. పెళ్ళినాటి ముచ్చట, కరువునాటి పస్తు, కట్టిన గోడ, అమ్మిన ఎడ్లు, తీరని కోరిక అన్నీ వరుసలు కట్టి రాగంలో వస్తాయి. సంబోధన ఎప్పుడూ నేరుగా పోయినవారికే: ‘నాయినా’, ‘అవ్వా’, ‘ఓ నా కొడుకా’. జానపద పరిశోధన దీన్ని మౌఖిక కళగా గుర్తించింది. వినవలసిన మనిషి వినలేని స్థితికి వెళ్ళాకే ఈ కథనం మొదలవుతుందన్న సంగతికి మాత్రం అంత ప్రాధాన్యం దక్కలేదు.

కెనడా మనోవైద్యుడు హార్వీ చోచినోవ్, ఆయన సహచరులు 2005లో ప్రచురించిన ‘డిగ్నిటీ థెరపీ’ అధ్యయనం దాదాపు ఇదే పనిని వెనక నుంచి ముందుకు జరిపింది. చావుకు దగ్గరైన మనిషిని తన జీవితంలో ముఖ్యమైనవి ఏమిటని అడిగి, చెప్పినది రాసి, సవరించి, కుటుంబానికి ఇచ్చే కాగితంగా అప్పగిస్తారు. ఆ ప్రశ్నపత్రాన్ని తెలుగు చేసి పాలమూరు గుడిసెలో చదివితే అది పనిచేస్తుందని అనుకోలేం. ‘మీ జీవితంలో మీరు గర్వపడే విషయమేమిటి’ అన్నది ఇంటర్వ్యూ తెలుగు. అదే, శోకాలు పెట్టడంలో చేయి తిరిగిన ఊరి ఆడమనిషి మంచం పక్కన కూర్చుని, ‘ఆ బాయి తవ్విననాడు ఏమైందే’ అని మొదలుపెడితే మాట దానంతట అదే సాగుతుంది. రూపం ఊళ్ళో సిద్ధంగానే ఉంది, సమయమే మారాలి.

ఇక్కడ తెలుగుశాఖలకు స్పష్టమైన పని ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వచ్చిన వ్యవసాయ వృత్తిపదకోశం రైతు నోటి మాటను ఊరూరా తిరిగి సేకరించింది. అదే పద్ధతిలో నొప్పి మాటలను మండలాలవారీగా, వయసు, వృత్తి, స్త్రీపురుష భేదాలతో సేకరించి, ఒక్కో మాట ఏ రకమైన నొప్పికి వస్తున్నదో వైద్యులతో కూర్చుని నిర్ణయించవచ్చు. మగ్గం మీద వంగిన చేనేత మనిషి ‘నడుము పట్టింది’ అనడానికీ, ఫ్లోరోసిస్‌తో బిగిసిన మనిషి ‘నడుము పట్టింది’ అనడానికీ నడుమ ఉన్న తేడా పదంలో కనిపించదు, పలికే తీరులో ఉండవచ్చు. దానికి ధ్వనిముద్రణ కావాలి. సేకరించేవారికి ఒక ఇబ్బంది తప్పదు. నొప్పి గురించి చెప్పమని అడిగితే రోగి మొదట చెప్పేది నొప్పి గురించి కాదు. ‘ఎవరి పిల్లవు బిడ్డా? ఏ ఊరు మీది?’ అని అడుగుతుంది. ఆ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాకే రికార్డరు నొక్కాలి.